ఆ దీర్ఘం మాది

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. ఇరవయ్యేళ్ళ వయసులో అందరికీ వచ్చే జబ్బే అనుకోండి, నాకు కాస్త ముదిరింది. యాభై దాటాక ఆ తెలిసినవన్నీ ఒక్కొక్కటే రాలిపోతుంటే, ఒకటి మాత్రం రాలకుండా గొంతులో ఇరుక్కుని ఉండిపోయింది. మా మావయ్య అబద్ధాలకోరు కాడని, ఒక పాత ఇంగ్లీషు పాట రికార్డులో ఆయన గొంతు నిజంగానే ఉందని, దాన్ని నా చెవులతో విన్నానని, విని కూడా నోరు మూసుకున్నానని. ఇదంతా ఆనాడే చెప్పవలసింది, చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. ఆలస్యమైందని ఎవరైనా అంటే తల వంచుకుంటాను. "ఒక్క మాట కోసం ఇంత రాద్ధాంతమా" అని అంటే మాత్రం వంచను. ఆ మనిషికి లోకంలో మిగిలింది ఆ ఒక్క మాటే మరి. (పాట పేరు చెప్పను. చెబితే పాత రికార్డు ప్లేట్ల వేటగాళ్ళు మా గుమ్మం అరగదీస్తారు.)

మాది కలకత్తా రేవు పక్కనుండే గార్డెన్ రీచ్. తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి రైలెక్కి హౌరాలో దిగి, రేవు పనికి కుదిరిన కుటుంబాలే మా లైనంతా (లైనంటే కూలీల ఇళ్ళ వరస). బెంగాలీలు మమ్మల్ని 'మాద్రాజీ' అనేవారు. మాలో ఒక్కడూ మద్రాసు మొహం చూసినవాడు కాదు. మా అమ్మ తమ్ముడు, అంటే మా మావయ్య, ఓడల్లోకి బస్తాలు మోసేవాడు. చేతులు చేటలంత. పెళ్ళిలోనో భజనలోనో ఆయన చప్పట్లు అందుకుంటే డోలువాడు తన పని మానేసి అటే చూసేవాడు. మావయ్య కుర్రతనంలో, పార్క్ స్ట్రీట్ హోటల్లో వాయించే ఒక బ్యాండు కుర్రాళ్ళు ఏదో ఓడ మీద పార్టీకి వచ్చారట. వాళ్ళ డ్రమ్ములను ఈయన పూలబుట్టలు ఎత్తినట్టు ఎత్తి దించడం చూసి ముచ్చటపడి, మర్నాడు పాట రికార్డింగుకి కూడా సామాను మొయ్యడానికి రమ్మన్నారట. ఆ తర్వాతి కథ మావయ్య నోటే వినాలి.

"పాట మద్దెలో సప్పట్లు కొట్టాల. ఆ బాబులు కొడతంటే దోమల్ని సంపినట్టుంది. 'ఓయ్ మాద్రాజీ, నువ్వు కొట్టు' అన్నారు. కొట్నాను. అద్దం ఎనకాల కూకున్నాయన సెవులు మూసీసుకున్నాడు! నన్ను ఎనక్కి జరిపి గోడకి అంటించీసినారు. అంతా బాగానే ఉంది గానీ, పాట ఆకర్న ఒక్క రవ్వసేపు అందరూ ఆపీయాలట. ఆ సంగతి నాకెవుడు సెప్పినాడు? అందరూ ఆపీసినా నా సప్పట్లు నడస్తన్నాయి. మల్లీ మొదట్నించి. మల్లీ అదే. ఆకరికి ఆ గిటారు బాబు, పాట ఆగే సోటికి రాగానే, నాకేసి ఏలెట్టి కళ్ళెర్రజేసినాడు. బయ్యమేసి సప్పట్లాపీసి 'ఏటి?' అన్నాను. నానన్న ఆ మాట మీదే పాట మల్లీ ఎత్తుకున్నాది! అయిపోనాక ఒకలి మీద ఒకలు పడి నవ్వినారు. ఇదే బాగుంది, ఉంచీయండన్నారు."

కొన్ని నెలల తర్వాత ఖిదిర్‌పూర్‌లో నావికులు తాగడానికి వచ్చే ఒక హోటల్లో, నాణెం వేస్తే పాడే జ్యూక్‌బాక్సు ఉండేది. అందులో ఆ పాట విన్నాడట మావయ్య. తన మాట తనకే వినబడిందట. తాను మోసిన బస్తాలు ఏయే దేశాలకు పోయాయో ఆయనకు తెలియదు, ఆ దేశాలకు ఆయన తెలియడు. ప్లేటు మీదికెక్కిన ఆ ఒక్క మాట మాత్రం తనది. మా లైనులో పిల్లలు పుట్టి, నడిచి, మాటలు నేర్చి మొదట అడిగే కథ అదే. ఎవరూ అనుమానపడలేదు. రికార్డు ప్లేయరున్న ఇల్లే లేదు గనక రుజువు అడగాలన్న ఊహ కూడా ఎవరికీ రాలేదు. ఆ ఊహ రావడానికి నేను ఎదగాల్సి వచ్చింది.

ఎదిగి, ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో పాత రికార్డులు అమ్మే ఒక దుకాణంలో పనికి చేరాను. యజమానిని అందరూ 'స్టీరియో దా' అనేవారు (దా అంటే అన్నయ్య, ఆ ఊళ్ళో శత్రువును కూడా దా అనే పిలవాలి). ఆయనకు దేవుడు ఎడమ స్పీకరు డబ్బాలోనూ కుడి స్పీకరు డబ్బాలోనూ ఉండేవాడు. "విను బాబా, మోనో అంటే తలుపు కంతలోంచి సంతను చూడ్డం, స్టీరియో అంటే సంతలోకి నడిచి వెళ్ళడం" అనేవాడు. తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు: అప్పట్లో ఒకే పాటను రెండుసార్లు కలిపేవారు. రేడియోకీ జ్యూక్‌బాక్సుకీ వెళ్ళే చిన్న ప్లేటు కోసం గొంతులూ వాయిద్యాలూ అన్నీ ఒకే దారిలో పోస్తే అది మోనో. తర్వాత పాటలన్నీ చేర్చి పెద్ద ప్లేటు వేసేటప్పుడు, అవే టేపులు మళ్ళీ బయటికి తీసి, వాయిద్యాలు ఒక డబ్బాలోకి, గొంతు రెండో డబ్బాలోకి పంచితే అది స్టీరియో. మోనో అంటే అమ్మ కలిపి పెట్టిన ముద్ద. స్టీరియో అంటే గళ్ళ పళ్ళెం, అన్నం ఒక గడిలో, పప్పు ఒక గడిలో. రెండోసారి కలిపే మనిషి వేరు కావచ్చు, అతని చాదస్తం వేరు కావచ్చు. అందుకే ఒకదాంట్లో వినబడే దగ్గు రెండోదాంట్లో వినబడదు, ఒకదాంట్లో మోగే గజ్జె రెండోదాంట్లో మాయమవుతుంది. ఈ చివరి ముక్క నాకప్పుడు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే స్థితిలో నేను లేను.

దుకాణంలో మూలపడ్డ ఒక పాత స్టీరియో సెట్టును బతిమాలి ఇంటికి తెచ్చాను. అప్పట్నించి మా ఇంట్లో ఎవరికీ స్థిమితం లేదు. రెండు డబ్బాలకూ సరిగ్గా మధ్యన కూర్చుంటేనే స్టీరియో పలుకుతుందని స్టీరియో దా బోధ. వంటింటి గుమ్మం దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టి అమ్మను అక్కడ కూర్చోబెట్టేవాణ్ణి.

"అమ్మా, కొంచెం ఎడమకి జరుగు. ఇంకొంచెం. ఇప్పుడు చెప్పు, గిటారు ఎక్కణ్ణించి వస్తోంది?"

"డబ్బాలోంచి వస్తంది. ఇంకెక్కణ్ణించి వస్తాది? పప్పు మాడిపోతంది, నన్నొగ్గీరా బాబూ."

అలాంటి సమయంలో, ఒక ఇల్లు ఖాళీ చేస్తూ ఎవరో అమ్మేసిన రికార్డుల్లో ఆ బ్యాండు పెద్ద ప్లేటు కనబడింది. అట్ట మీద 'స్టీరియో' అని బంగారు అక్షరాలు. మావయ్య పాట అందులో ఉంది! ఒట్టేసి చెబుతున్నాను, నా ఉద్దేశం మంచిదే. మా పక్కింట్లో ఉండే క్రేను తాత (రేవులో క్రేను నడిపేవాడు) రిటైరవుతున్నాడు. లైను మొత్తానికీ విందు. ఆ విందులో అందరి ముందూ మావయ్య గొంతును స్టీరియోలో వినిపించి, ఆయన్ను ఏనుగెక్కించాలని నా ఆశ. ముందే ఒకసారి విని చూసుకోవాలనిపించలేదా అంటే, అనిపించలేదు. అందరితోపాటు మొదటిసారి వినడంలో ఒక మజా ఉందని అనిపించింది. ఇరవయ్యేళ్ళవాడి మజాలు అలాగే ఉంటాయి.

వాకిట్లో ఆ చివర ఒక డబ్బా, ఈ చివర ఒక డబ్బా పెట్టాను. సరిగ్గా మధ్యలో మా లైను మురిక్కాలువ. నేను శాస్త్రం విషయంలో రాజీపడే మనిషిని కాను. పెద్దవాళ్ళందర్నీ కాలువ పొడుగునా వరసగా, ఈ గట్టున ఒక కాలు ఆ గట్టున ఒక కాలు వేయించి, కాలువకు అడ్డంగా వేసిన పీటల మీద కూర్చోబెట్టాను. "సావు కూడా ఇంత కష్టంగా ఉండదురా" అని క్రేను తాత గొణిగాడు. మావయ్య కొత్త చొక్కా వేసుకుని అందరికంటే ముందు కూర్చున్నాడు. పక్కనే మా అత్త, మావయ్య భార్య, కొంగుతో ముక్కు మూసుకుని, గర్వం మాత్రం దాచుకోలేక.

పాట మొదలైంది. చప్పట్లు వచ్చాయి, కుడి డబ్బాలోంచి టప్పు టప్పుమని. "అయ్యే, నాయే!" అన్నాడు మావయ్య. లైనంతా ఈలలు. పాట చివరికొచ్చింది. వాయిద్యాలు ఆగాయి. అందరూ మెడలు చాచారు. డబ్బాల్లోంచి సన్నగా సర్రుమనే చప్పుడు, అంతే. పాట మళ్ళీ ఎత్తుకుని, ముగిసిపోయింది.

మావయ్య లేచి నిలబడ్డాడు. ఎడమ డబ్బా వైపు చూశాడు. కుడి డబ్బా వైపు చూశాడు. నా వైపు తిరిగి, "ఏటి?" అన్నాడు.

"ఇదిగో, ఇప్పుడొచ్చినాది!" అని అరిచాడు క్రేను తాత. "లేటుగా వచ్చినాదిరోయ్, రైలు లేటు!"

వాకిలి వాకిలంతా పడి పడి నవ్వింది. ఒకాయన నవ్వుతూ కాలువలో కాలు పెట్టేశాడు. నేనూ నవ్వాను. దాచడం దేనికి, అందరికంటే గట్టిగా నవ్వాను. మళ్ళీ వేశాం. మళ్ళీ అంతే. అప్పుడు ఎవరో అడిగారు: "నువ్వు రికార్డుల కొట్టోడివి కదరా, ఆ మాట ఉన్నాదా, నేదా?" నాకు తెలియదు అంటే సరిపోయేది. చిన్న ప్లేటు కూడా విన్నాక చెబుతానన్నా సరిపోయేది. నేను గొంతు సవరించుకుని, "స్టీరియోలో దాక్కోడానికి చోటుండదు. ఉంటే వినబడాలి, వినబడలేదంటే లేదన్నమాట" అన్నాను. స్టీరియో దా గొంతు కూడా అంత నిండుగా పలికేది కాదు.

"నేదా?" అన్నాడు మావయ్య. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. "నువ్వు సదువుకున్నోడివి. నువ్వే నేదంటే..." అని కూర్చుండిపోయాడు.

ఆ రోజు నుంచి ఆయన పేరు 'లేటు మావ'. ఆయన వీధిలోకి వస్తే పిల్లలు గోడ చాటు నుంచి "ఏటి?" అని అరిచి పారిపోయేవారు. అత్త మొగుడితో గొడవ పడినప్పుడల్లా "ఆ పాటలో నీ గొంతున్నంత నిజమేలే" అనేది. తర్వాత జరిగిన ఒక పెళ్ళిలో భజన మొదలైతే, మావయ్య రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కూర్చోవడం చూశాను. చలి అనుకున్నాను. మే నెలలో గార్డెన్ రీచ్‌లో చలి.

ఇంతవరకూ జరిగింది తెలివితక్కువతనం, దానికి ఎవరైనా క్షమిస్తారు. దాని తర్వాతిది వేరే. ఒక వానరోజు దుకాణానికి, మూతపడ్డ ఏదో హోటల్ జ్యూక్‌బాక్సులోని చిన్న ప్లేట్లు గోనెసంచిలో వచ్చాయి. వాటిలో ఆ పాట. మోనో. స్టీరియో దా భోజనానికి వెళ్ళాడు. ప్లేటు వేశాను. గీతలు, గరగరలు, చప్పట్లు, ఆపైన నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో, గోడ దగ్గర్నుంచి, పాతికేళ్ళైనా నిండని మావయ్య "ఏటి?" అన్నాడు. నేను ఉలిక్కిపడి గుమ్మం వైపు చూశాను, ఆయన వచ్చి నిలబడ్డాడేమోనని.

అప్పుడే ప్లేటు పట్టుకుని బస్సెక్కి ఉంటే ఈ రాత అవసరమే లేదు. ఎక్కలేదు. ఆ వారమే స్టీరియో దా నన్ను కొనేవాళ్ళకి "మా ఎక్స్‌పర్ట్" అని పరిచయం చేశాడు. లైనులో కూడా పాడైన రేడియో నుంచి పెళ్ళిపందిరి మైకు దాకా దేనికైనా నన్నే పిలుస్తున్నారు. పోయి, నాకు తెలిసింది తప్పు అని చెబితే? రేపు చెబుతాను, వాన తగ్గాక చెబుతాను, మావయ్య ఒంటరిగా దొరికినప్పుడు చెబుతాను అనుకున్నాను. ఆలోగా ఒక కొనుగోలుదారుడు వచ్చి ఆ ప్లేటు ఎంచుకున్నాడు. కాగితంలో చుట్టి, పురికొసతో ముడివేసి నేనే చేతికిచ్చాను. ముడి చాలా గట్టిగా వేశాను. అది వెళ్ళిపోతుంటే నాకు హాయిగా అనిపించింది. ఇందులో రాయడానికి కష్టమైన వాక్యం అదే.

ఇక ఈ మధ్య సంగతి. ఇప్పుడు నాకు వేరే ఉద్యోగం, వేరే పేటలో ఇల్లు. పాత ప్లేట్ల పిచ్చి మాత్రం పోలేదు. బాలీగంజ్‌లో ఒకాయన ఇంట్లో ఆదివారాలు మాలాంటివాళ్ళం పోగవుతాం. ఒకే పాటను ముందు చిన్న ప్లేటులో, తర్వాత పెద్ద ప్లేటులో వేసి, ఏది ఎక్కడ తేడా ఉందో పట్టుకోవడం మా ఆట. మా అందరిలోకీ పెద్ద, రిటైరైన బడిపంతులు, ఆయన్ను గౌరవంగా మాస్టర్‌మొశాయ్ అంటాం. ఆయన ఓ ఆదివారం సంచిలోంచి ఆ చిన్న ప్లేటు తీశాడు. వేశారు. నిశ్శబ్దం వచ్చింది, మాట వినబడింది. మాస్టర్‌మొశాయ్ కుర్చీలోంచి లేచిపోయాడు.

"విన్నారా? 'ఎటి'! మన బంగ్లా 'ఎటి'! 'ఇది' అంటున్నాడు. ఇంగ్లీషు ప్రేమపాట నడుమ మన మాట! దీని మీద నేను వ్యాసం రాస్తున్నాను."

"అది తెలుగండీ" అన్నాను.

గది గొల్లుమంది. ఒకాయన అందుకున్నాడు: "రసగుల్లా మాదంటూ ఒడియావాళ్ళొచ్చారు, ఇప్పుడు ఇది మాదంటూ మీరొచ్చారా దాదా? పోతూ పోతూ హౌరా బ్రిడ్జి కూడా తీసుకుపోండి!"

నవ్వుకోనిచ్చాను. తర్వాత నేను లేచాను. "మీ 'ఎ' పొట్టిది. దీన్ని వినండి, ఎంత పొడుగో. ఆ దీర్ఘం మాది. శ్రీకాకుళం మనిషి 'ఏమిటి' అని అడగడం అది. వెయ్యండి మళ్ళీ. 'ఇది' అని చూపించేవాడు గొంతు దించుతాడు, ఇతను పైకెత్తాడు. చూపించడం లేదు, భయపడి అడుగుతున్నాడు. వెయ్యండి మళ్ళీ." పాపం ఎన్నిసార్లు వేశారో. మాస్టర్‌మొశాయ్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని విని విని, పెదాలతో ఒకసారి పొట్టిగా, ఒకసారి పొడుగ్గా అని చూసుకున్నాడు.

తర్వాత పెద్ద ప్లేటు వేశారు. అదే నిశ్శబ్దం, ఖాళీగా. "చూశారా, ఆల్బమ్‌లో లేదు. స్టీరియోయే అసలు. అదేదో పొరపాటున పడ్డ చప్పుడు" అన్నాడొక కుర్ర సభ్యుడు, గొంతు సవరించుకుని మరీ. ఆ సవరింపు నాకు బాగా తెలుసు. నాకు ఒళ్ళు మండింది. "చప్పుడు కాదు, మనిషి!" అన్నాను. "చప్పట్లు కొట్టడానికి పిలిచిన రేవు కూలీ. రెండోసారి కలిపిన పెద్దమనిషి పాట శుభ్రం చేస్తున్నాననుకుని ఆ ఒక్క చోట చప్పట్ల మైకు మూసేశాడు. మైకు మూసేస్తే మనిషి లేకుండా పోతాడా? మీ స్టీరియో ఎంత గొప్పదైనా కావచ్చు, ఈ ఒక్క పాటకి మోనోయే నిజం. ఆ మనిషి మా మావయ్య. వ్యాసంలో రాసుకోండి."

"నమ్ముతున్నాను" అన్నాడు మాస్టర్‌మొశాయ్ నెమ్మదిగా. "కానీ ఈ సంగతి మీకు ఎప్పట్నించి తెలుసు?"

చేతిలో శింగాడా (మన సమోసానే) ఉంది. దాన్ని పళ్ళెంలో పెట్టేశాను. బాలీగంజ్ మేడలో అంతమంది మీద గొంతు చించుకున్న వీరుణ్ణి, ఈ మాట చెప్పవలసిన ఒకే ఒక్క చోట, ఇన్నేళ్ళూ చెప్పలేదు. పాటను ఫోనులోకి ఎక్కించుకుని, చెప్పులేసుకుని గార్డెన్ రీచ్‌కి బయల్దేరాను.

మావయ్యకు డెబ్బై దాటాయి. రేవు చప్పుళ్ళు ఒక చెవిని పూర్తిగా తినేశాయి, రెండోది అరకొరగా పనిచేస్తుంది (అంటే ఇప్పుడు ఆయనకు లోకమంతా మోనోయే, నా పాత శాస్త్రానికి ఇంతకంటే శిక్ష ఉండదు). గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. అత్త బచ్చలి తుంచుతోంది. ఏమీ చెప్పకుండా ఫోను ఆయన మంచి చెవికి ఆనించాను. పాట మొదలవగానే కనుబొమలు ముడివేశాడు. చివరికొచ్చేసరికి ఊపిరి బిగబట్టాడు. మాట వినబడింది.  "మల్లీ ఎయ్యి" అన్నాడు. మళ్ళీ వేశాను. ఫోను నా చేతిలోంచి తీసుకుని తానే చెవికి నొక్కుకున్నాడు.

"నానే" అన్నాడు చివరికి. తర్వాత, నాతో కాదు, అత్తతో: "నాకే అనుమానం వచ్చీసినాదే. అన్నానో, అన్నాననుకున్నానో అని."

అత్త చేతిలో బచ్చలాకు అలాగే ఉండిపోయింది. "ఒలమ్మా" అంది. "నానెన్ని మాటలన్నాను."

"ఎక్కడ దొరికినాదిరా ఇది? ఎప్పుడు?" అన్నాడు మావయ్య నా వైపు తిరిగి. ఆ ముఖంలో అంత సంతోషం ఉంది. 'ఇవాళే, బాలీగంజ్‌లో' అంటే సరి, అందులో అబద్ధం కూడా లేదు. ఆ సంతోషం అలాగే ఉండేది, నేను మేనల్లుళ్ళలో మాణిక్యాన్ని అయ్యేవాణ్ణి. అప్పటి ఎక్స్‌పర్ట్ అయితే అదే అనేవాడు, వాడి తెలివితేటలు నాకు తెలియనివా.

"అప్పుడే దొరికింది మావా" అన్నాను. "ఆ విందు అయిన కొన్నాళ్ళకే. విన్నాను. చెప్పలేదు."

నా గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే, ఆయన చెవి ముందుకు వంచి, అర్థంకాక అత్త వైపు చూశాడు. అత్త నా వైపు చూసింది. ఆవిడకు వినబడింది.

"గట్టిగా సెప్పు" అంది అత్త, బచ్చలి పక్కన పెట్టి. "ఆ రోజు అందరికీ ఇనబడేలా అన్నావు కదా. ఇప్పుడూ అలాగే సెప్పు."

అందుకని ఆయన మంచి చెవి దగ్గర వంగి, లైనులో ఉన్న తలుపులన్నీ తెరుచుకునేంత గట్టిగా అరిచాను: "అబద్ధం ఆడింది నువ్వు కాదు మావా, నేను! తెలిసీ దాచాను! తప్పయిపోయింది, నన్ను క్షమించు!"